బేగంబజార్ దాకా వెళ్లొచ్చాం

వేసవి సెలవుల్లో ఎక్కడికి వెళ్లారని అడిగితే మా గల్లీలో ఒక్కో ఇంటివాళ్లు ఒక్కో ఊరు చెబుతారు. ఎదురింటివాళ్లు ఊటీ అంటారు, మేడ మీదివాళ్లు అరకు అంటారు. నేను బేగంబజార్ అన్నాను. పక్కింటి సుజాత చాటలో బియ్యం ఏరడం ఆపి నా మొహంలోకి చూసింది. "బేగంబజార్‌కు పోవుడు గూడ టూరేనా వదినా?" అంది.

టూరే. ఇద్దరు పిల్లలతో మూడు రోజులు తిరిగాం. ఒక చెప్పు తెగింది, ఒక నీళ్ల సీసా పోయింది, వినాయకుడి బొజ్జ ఒకటి సొట్టపోయింది. ఊటీ వెళ్లినవాళ్లు ఫోన్లో ఫొటోలు చూపిస్తే ఓపిగ్గా చూశాను కదా, ఇప్పుడు మీరు కాస్త ఓపిక పట్టండి. మన పక్కనే ఉంది కదా ఎప్పుడైనా చూడొచ్చులే అనుకుని మీలో చాలామంది ఈ చోట్లకు వెళ్లనే ఉండరు. నేనూ అంతే. పెళ్లయి జడ్చర్ల నుంచి ఫలక్‌నుమా వచ్చి పన్నెండేళ్లు అవుతున్నా ఇప్పటిదాకా వెళ్లలేదు.

నేను అంగన్‌వాడీ టీచర్ని. మా ఆయన వెల్డింగ్ షాపులో గేట్లు, కిటికీ గ్రిల్లులు చేస్తాడు. మా అమ్మాయి నవ్యకు పదేళ్లు, పిల్లవాడు వరుణ్‌కు ఆరు. ఈ ఏడు నవ్యకు గురుకులంలో ఐదో తరగతికి సీటొచ్చింది. వికారాబాద్ దాటాక ఎక్కడో ఉంది ఆ బడి. అక్కడే ఉండాలి, అక్కడే తినాలి, ఇంటరు దాకా చదువు వాళ్లదే. ఆ సీటు కోసం ఎంతమంది పరీక్ష రాశారో మా అంగన్‌వాడీకి వచ్చే తల్లులను అడిగితే చెబుతారు.

సీటు వచ్చిన దగ్గర్నుంచి పిల్ల ఔనని అనలేదు, కాదని అనలేదు. అడిగితే "తెల్వదు" అంటుంది. బడి తెరిచేలోపు చేరుతున్నామని చెప్పకపోతే సీటు ఇంకొకరికి వెళ్లిపోతుంది. మా ఆయనను అడగమంటే, "నువ్వే అడుగు. నేనడిగితే నా కోసం ఒప్పుకుంటది" అన్నాడు. అదీ నిజమే. నాకా, పంపాలనీ ఉంది, పంపొద్దనీ ఉంది. పొద్దున లేస్తే మంచి చదువు అనుకుంటాను, దాని జడ వేస్తుంటే నా వల్ల కాదు అనుకుంటాను. ఏదైనా అది తన నోటితో చెప్పాలి, బలవంతం చేయకూడదు అని మాత్రం గట్టిగా అనుకున్నాను. ఇంట్లో కూర్చోబెట్టి అడిగితే గోడ చూస్తోంది. బయట తిప్పితే ఎక్కడో ఒకచోట నోరు విప్పదా అని బయల్దేరాం. పిల్లలకు మాత్రం సెలవులకు తిరగడానికి అని చెప్పాను.

రైలు మొదలయ్యే చోట

మా ఇంట్లో కూర్చుంటే రైలు కూత వినిపిస్తుంది. వరుణ్ ఆ కూత వింటూ పెరిగాడు కానీ రైల్లో చివరిదాకా ఎప్పుడూ వెళ్లలేదు. లోకల్ రైలు ఫలక్‌నుమాలోనే మొదలవుతుంది కాబట్టి ఖాళీగా నిలబడి ఉంటుంది. ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చోవచ్చు. నాకు ఆ సంగతి తట్టలేదు. మా జడ్చర్లలో బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకోవాలి, ఎవరి తువ్వాలుంటే సీటు వాళ్లది, దానికి తిరుగులేదు. నేను అలవాటు కొద్దీ ప్లాట్‌ఫారం మీంచే కిటికీలోకి తువ్వాలు విసిరాను. లేడీస్ పెట్టెలో మొత్తం కలిపి ఒక్కావిడ కూర్చుని ఉంది. తువ్వాలు వెళ్లి ఆమె ఒళ్లో పడింది.

ఆమె బురఖా పైకెత్తి నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. తువ్వాలు మడతపెట్టి ఎదురు సీటు మీద పరిచి, కూర్చోమని చెయ్యి చూపించింది. అక్కడ్నుంచి సికింద్రాబాద్ దాకా మాకు మాటలే మాటలు. అక్కడ కూతురింటికి వెళుతోందట. నా ఉర్దూ సగం సగమే, ఆమె తెలుగూ సగం సగమే, రెండూ కలిస్తే ఒకటైంది. సంచిలోంచి ఉప్పూకారం అద్దిన పచ్చిమామిడి ముక్కలు తీసి పిల్లలకు పెట్టింది. నవ్య ముందు తమ్ముడి ముక్కకున్న కారం దులిపి ఇచ్చి, తర్వాత తను తింది. ఏ క్లాసు అని ఆమె అడిగితే "నాలుగోది అయిపోయింది" అంది నవ్య. మరి ఐదోది ఎక్కడ అంటే కిటికీ వైపు తిరిగింది. ఆమె నా వైపు చూసింది, నేను మామిడి ముక్క వైపు చూశాను.

సికింద్రాబాద్ దాటాక ఊరు మారిపోయింది. చెరువు కనిపించింది, తర్వాత అద్దాల మేడలు వచ్చాయి. మెడలో ఆఫీసు కార్డులు వేసుకున్న పిల్లలు ఎక్కారు, ఎవరూ ఎవరితో మాట్లాడలేదు. "అమ్మా, గిది గూడ హైదరాబాదేనా?" అన్నాడు వరుణ్. ఔనంటే నమ్మలేదు. వాడి లెక్కలో హైదరాబాదంటే చెత్తబండి, బిర్యానీ వాసన, వాళ్ల నాన్న షాపులో నిప్పురవ్వలు.

లింగంపల్లిలో రైలు ఆగింది. అందరూ దిగారు. ఇదే రైలు వెనక్కి వెళుతుంది కదా, దిగడం దేనికని నేను దర్జాగా కూర్చున్నాను. తిరుగు టికెట్టు తీసుకోలేదని అప్పుడు గుర్తొచ్చింది. దిగి, కౌంటరుకు పరుగెత్తి, టికెట్లు తీసుకుని వచ్చేసరికి రైలు లేదు, మా నీళ్ల సీసాను కూడా తీసుకుపోయింది. తర్వాతి రైలు వచ్చేదాకా బెంచీ మీద కూర్చున్నాం. అప్పుడు నవ్య తనంతట తనే మాట్లాడింది.

"ఈ పట్టాల మీదనే పోతే వికారాబాద్ వస్తదా?"

వస్తుందన్నాను.

"పొద్దుగాల పోయి, నాలుగింటి వరకు ఇంటికి రావచ్చా?"

"రోజు రానియ్యరు బిడ్డా. హాస్టల్ల ఉండాలె."

నవ్య పట్టాలు చూస్తూ కూర్చుంది. ఇల్లు వదిలి ఉండలేనని దాని బాధ కాబోలనుకున్నాను. సీటు సంగతి ఇక మరిచిపొమ్మని ఆ సాయంత్రమే మా ఆయనతో చెప్పేశాను. ఇంకా రెండు రోజులున్నాయి కదా, చూడు అన్నాడు.

గంట కొట్టే బొమ్మ

రెండో రోజు మూసీ ఒడ్డున ఉన్న మ్యూజియంకు వెళ్లాం. అక్కడ పాతకాలం గడియారం ఒకటుంది. గంట గంటకూ అందులోంచి చిన్న మనిషిబొమ్మ బయటికొచ్చి గంట కొట్టి లోపలికి వెళ్లిపోతుంది. అంతే. ఆ అంతే కోసం జనం ముందే వచ్చి వరసగా కూర్చుంటారు, సినిమా హాల్లో లాగా. మేం పదకొండుకు కొంచెం ముందు చేరాం. కాపలా ఆయన వరుణ్‌ను చూసి, పన్నెండు దాకా ఉండండమ్మా, అప్పుడైతే ఎక్కువ కొడతాడు, పిల్లగానికి మజా వస్తది అన్నాడు. పదకొండు గంటలూ విని, ఇంకొక్క గంట ఎక్కువ వినడానికి మళ్లీ ఎదురుచూశాం. మా ఆయనకు చెబితే నవ్వాడు కానీ, మాకు మాత్రం ఆ ఎదురుచూపే బాగుంది.

నా పక్కన కరీంనగర్ నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు మనవరాళ్లతో కూర్చున్నారు. నలభై ఏళ్ల కింద తన తండ్రి ఇక్కడికే తీసుకొచ్చాడని, అప్పుడూ ఆ బొమ్మ ఇంతే తొందరగా లోపలికి పోయిందని చెప్పారు. దానికి జీతం లేదు, సెలవు లేదు, అయినా ఒక్క రోజు లేటు కాలేదు అన్నారు. మా సూపర్‌వైజర్ మేడం వింటే ఆ బొమ్మకు కూడా సర్వే పని అప్పజెబుతుంది అన్నాను. పెద్దాయన గట్టిగా నవ్వి, చుట్టూ అందరూ తిరిగి చూసేసరికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

ఆ గంటసేపట్లో వరుణ్‌కు దాహం వేసింది, ఆకలి వేసింది, బాత్‌రూం వచ్చింది. మూడుసార్లూ అక్కనే అడిగాడు. నేను వాడికి అటుపక్కే ఉన్నాను, పర్సు, సంచీ మోస్తూ. బొమ్మ కనిపించడం లేదంటే నవ్య వాణ్ణి ఎత్తుకుంది. వాడు దానికంటే పెద్ద తక్కువేం ఉండడు. నాకివ్వవే అంటే, "నీకు నడుం నొస్తది" అంది. పన్నెండూ కొట్టేదాకా దించలేదు.

బయటికి వచ్చి చార్మినార్ వైపు నడిచాం. దారిలో నా చెప్పు తెగింది. కుట్టించుకోవడానికి ముప్పై అయింది, ఆ చెప్పుల ఖరీదే నూట యాభై. పిల్లలను ఇరానీ హోటలుకు తీసుకెళ్లాను. మా జడ్చర్లలో చాయ్ గాజు గ్లాసులో వస్తుంది, ఊదుకుని తాగుతాం. ఇక్కడ కప్పు కింద సాసరుంటుంది, చాలామంది దాంట్లోకి ఒంపుకుని తాగుతారు. అది మర్యాద తక్కువ అనుకునేదాన్ని. వేడి చాయ్ పిల్లలకు ఎలా ఇవ్వాలో తెలియక చూస్తుంటే వెయిటర్ అడక్కుండానే రెండు ఖాళీ సాసర్లు తెచ్చి పెట్టి వెళ్లిపోయాడు. ఉస్మానియా బిస్కెట్టు ముంచుకుని ముగ్గురం సాసర్లలోనే తాగాం. బిస్కెట్టు విరిగి చాయ్‌లో పడితే వరుణ్ ఏడుపు మొహం పెట్టాడు. నవ్య తన బిస్కెట్టు ఇచ్చేసింది. నేను ఇంకొకటి తెప్పించేలోపే ఇచ్చేసింది.

ధూల్‌పేట్ ఎండ

మూడో రోజు పొద్దున ధూల్‌పేట్‌లో దిగాం. వినాయక చవితికి మన గల్లీల్లోకి వచ్చే విగ్రహాలు ఇక్కడ ఎండాకాలంలోనే పుడతాయి. రోడ్డుకు రెండు పక్కలా రంగు లేని తెల్ల వినాయకులు. చేతులు పెట్టనివాళ్లు కొందరు, తొండం పెట్టనివాళ్లు కొందరు. మనం తిట్టుకునే ఎండే వాళ్లకు కావాలి. "ఎండ మంచిగ గొడుతుంది అక్కా, వాన రాకుంటే సాలు" అంది ఒకామె. ఆమె ఇంటి ముందు చెక్క మీద చిన్న మట్టి వినాయకులను వరసగా ఆరబెట్టి కూర్చుంది. మబ్బు పడితే క్షణంలో అన్నిటినీ లోపలికి చేర్చాలి, అందుకని ఇంట్లో ఒక మనిషి ఎప్పుడూ బయట కూర్చునే ఉంటుందట.

ధర అడుగుతూ నేను వంగేలోపు మావాడు ఒక పచ్చి వినాయకుడి బొజ్జలో వేలు పెట్టాడు. వేలు లోపలికి దిగిపోయింది. దేవుడాయె, ఒకరి కష్టమాయె. నవ్య వెంటనే ముందుకొచ్చింది.

"మా తమ్ముడు అక్కా. వాన్ని ఏమనకు, నేనే సరిగ్గ చూస్కోలే."

ఆమె నవ్వి చెయ్యి తడి చేసుకుని రెండు రుద్దులు రుద్దింది, బొజ్జ మళ్లీ నిండుగా తయారైంది. డబ్బులిస్తానంటే తీసుకోలేదు. "తల్లివి నువ్వా, ఈ పిల్లనా?" అంది నాతో. సరదాకే అంది, నేనూ సరదాగానే నవ్వాను. కానీ ఆ మాట కాసేపు నన్ను వదల్లేదు.

నవ్య ఆ బొమ్మల ముందు గొంతుక్కూర్చుని ఆమెను ఏవేవో అడిగింది. మట్టి ఎక్కడిది, రంగులు ఎప్పుడు వేస్తారు, అన్నానికి లోపలికి పోతే వీటిని ఎవరు చూస్తారు అని. అత్త వచ్చి కూర్చుంటుందని ఆమె చెప్పింది. చెప్పి పోతావా అని నవ్య అడిగింది. చెప్పకుండా ఎట్లా పోతానమ్మా, ఆమె వచ్చి కూసున్నంకనే నేను లేస్తా అంది. ఇవన్నీ నాకు మామూలు పిల్లల ప్రశ్నల్లాగే వినిపించాయి.

స్టీలు సామాను గల్లీ

ధూల్‌పేట్ నుంచి బేగంబజార్ ఎంతో దూరం లేదు. అక్కడ నడవడం అంటే నడవడం కాదు, జరగడం. తోపుడుబండి వెనకనుంచి "జరుగుండ్రి, జరుగుండ్రి" అంటూ వస్తుంది, ముందునుంచి బస్తా మోసే మనిషి వస్తాడు, పైనుంచి ఎండ వస్తుంది. మిరపకాయల ఘాటుకు ముగ్గురం తుమ్మాం. జీలకర్ర, చింతపండు మా ఫలక్‌నుమా కిరాణా కంటే బాగా తక్కువకు దొరికాయి. అయితే మోసుకుపోయే చేతులు కూడా మనవే.

అక్క బడిలోనే యూకేజీ అయిపోయి, జూన్ నుంచి వరుణ్‌కు ఒకటో తరగతి. వాడికి టిఫిన్ డబ్బా ఒకటి కొందామని స్టీలు సామాను గల్లీలోకి వెళ్లాం. నవ్యకు కూడా ఏదైనా కొందామా అని ఒక్క క్షణం అనిపించింది. ఏం కొనాలి? హాస్టలుకు వెళ్లే పిల్లకైతే పళ్లెం, గ్లాసు, పెట్టె కావాలి. ఇంట్లో ఉండే పిల్లకైతే ఇంకో డబ్బా కావాలి. మూడు రోజులు తిరిగినా నాకు జవాబు రాలేదు. ఏమీ కొనలేదు.

స్టీలు మీద పేర్లు చెక్కించడం మనందరికీ ఉన్న అలవాటే. కాకపోతే మా అమ్మగారింట్లో ఏ గిన్నె తీసినా ఇచ్చినవాళ్ల పేరే ఉంటుంది, గృహప్రవేశానికో, పెళ్లికో పెట్టినవాళ్ల పేరు. చిన్నప్పుడు నేను మా పెద్దమామ పేరు మీదే అన్నం తిన్నాను, ఆయనతో మాకు మాటల్లేకపోయినా. ఇక్కడ షాపు మెట్ల మీద ఒక చాచా చిన్న మిషను పట్టుకుని కూర్చుని ఉన్నాడు. పెన్ను లాంటి ఆ మిషను జుయ్యిమని వణుకుతూ చుక్కలు చుక్కలుగా రాస్తుంది. డబ్బా బేరం చేసి, "వరుణ్ అని రాయి చాచా" అని చెప్పి, పిల్లలిద్దరినీ ఆయన దగ్గరే ఉంచి, నేను పప్పుల డబ్బాలు చూడ్డానికి లోపలికి వెళ్లాను. డబ్బాకు మూత బిగుతుగా లేదు, సేటు బాగుందంటాడు, నేను లేదంటాను, అలా కాసేపు పట్టింది.

బయటికి వచ్చేసరికి మిషను ఇంకా జుయ్యిమంటూనే ఉంది. మూడక్షరాల పేరుకు ఇంతసేపేమిటని అడిగాను.

"పేరు ఎప్పుడో అయిపాయె అమ్మా. మూతకు లోపట గూడ రాయమన్నది పాప" అన్నాడు చాచా. లోపల అంటే ఇచ్చినవాళ్ల పేరేమో అనుకుని, ఎవరి తరఫున రాయాలని అడిగాడట. ఎవరి తరఫునా కాదు, నేను చెప్పింది రాయి అందట. ఆయన మూత మీది పొడిని గుడ్డతో తుడిచి నాకిచ్చాడు.

మూత లోపల చుక్కలతో రాసి ఉంది. అక్క రాదు. అమ్మ వస్తది.

నేను చదివాను. మళ్లీ చదివాను. వరుణ్ నా చెయ్యి కిందకు లాగి, చుక్కల మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. చదివి, "అక్క ఎందుకు రాదు?" అన్నాడు.

నవ్య వాడి ముందు మెట్టు మీద కూర్చుంది.

"నేను హాస్టల్ల చదువుకుంట. బడి ఇడిసినంక నువ్వు గేటు లోపటనే నిలవడు. బయటికి రాకు. నేను రాలేదని ఏడ్వకు. అన్నం తినేటప్పుడు మూత జూస్కో, యాదికుంటది."

బడి నాలుగింటికి వదులుతారు. నేను అంగన్‌వాడీ పని ముగించుకుని, మీటింగో సర్వేనో ఉంటే అదీ చూసుకుని ఇల్లు చేరేసరికి పొద్దుగూకుతుంది. ఇన్నాళ్లూ వాణ్ణి గేటు దగ్గర చెయ్యి పట్టుకుని, రోడ్డు దాటించి, తాళం తీసి, అన్నం పెట్టింది నవ్యే. హాస్టలంటే దానికి భయం లేదు. అది వెళితే నాలుగింటికి గేటు దగ్గర ఎవరుంటారన్నదే దాని బాధ. రెండు నెలలుగా నేను దాన్ని వెళతావా వెళతావా అని అడిగానే కానీ, గేటు దగ్గర నేనుంటానన్న మాట చెప్పాలని నాకు తోచలేదు.

నవ్య తలెత్తి నన్ను చూసింది.

"నాలుగింటికి వస్తవా?"

"వస్త."

"మీటింగ్ ఉన్నా?"

"ఉన్నా వస్త."

అది నా మొహంలోకి కాసేపు చూసింది, పప్పుల డబ్బా మూత బిగుతుగా ఉందో లేదో నేను చూసినట్టు. తర్వాత లేచి, వరుణ్ చెయ్యి తెచ్చి నా చేతిలో పెట్టింది. పెళ్లిళ్లలో తల్లులు కూతుళ్లను అప్పగించడం చూశాను, నన్నూ మా అమ్మ అలాగే అప్పగించింది. నా పదేళ్ల కూతురు తన తమ్ముణ్ణి బేగంబజార్ నడిబజార్లో నాకు అప్పగించింది. ఏడుపు ఆగలేదు. మిరపకాయల ఘాటు అనుకున్నాడేమో, చాచా తన సీసాలోంచి నీళ్లిచ్చాడు.

బస్టాపుకు తిరిగి నడిచాం. ఒక చేత్తో సామాను సంచీ, ఇంకో చేత్తో వరుణ్ వేలు పట్టుకుని నేను వెనక నడుస్తున్నాను. వాడు గుంజుతున్నాడు, ఆగుతున్నాడు, ప్రతి బండి కిందకూ దూరబోతున్నాడు. వీణ్ణి పట్టుకుని నడవడం ఇంత పనా అనిపించింది. నవ్య మా ముందు ఒక్కతే వెళుతోంది. గాజుల షాపు ముందు ఆగింది, గాలిపటాల షాపు ముందు ఆగింది, వెనక్కి తిరిగి చూడకుండా రెండు చేతులూ ఊపుకుంటూ నడిచింది.